అరాకిస్ దొర, ఎర్రపహాడ్ దొర: డ్యూన్ విలన్‌ను సూర్యాపేట నుంచి చూస్తే

ఇవాళ ఒక విలన్ గురించి మాట్లాడుకుందాం. పేరు బేరన్ వ్లాదిమిర్ హార్కొనెన్. మీలో చాలామంది డ్యూన్ సినిమాలు చూసే ఉంటారు. 2021లో ఒకటి, 2024లో ఇంకొకటి వచ్చాయి. అందులో నల్లటి నూనెలాంటి దాంట్లో మునిగి లేచే బోడిగుండు మనిషి, భారీ శరీరం, గాల్లో తేలుతుంటాడు చూశారా, ఆయనే. కానీ నేను చెప్పేది సినిమా బేరన్ గురించి కాదు. 2000 డిసెంబర్‌లో అమెరికాలో సైఫై ఛానెల్‌లో మూడు భాగాల టీవీ సిరీస్ ఒకటి వచ్చింది. అందులో ఈ పాత్ర ఇయాన్ మెక్‌నీస్ అనే నటుడు వేశాడు. ఇవాళ మన మనిషి ఆయన.

సినిమా వదిలేసి సిరీస్ ఎందుకంటారా? సినిమాలో బేరన్ తక్కువ మాట్లాడతాడు, ఎక్కువ భయపెడతాడు. సిరీస్‌లో ఉల్టా. కూర్చోబెట్టి మరీ తన ప్లాన్ మొత్తం చెప్తాడు. చెప్పి చివర్లో ప్రాస కలిపి రెండు లైన్లు వదులుతాడు, నిజంగా. సీన్ అయిపోయేముందు అంత్యప్రాస! మన రావు గోపాలరావు గారు చూసుంటే మెచ్చుకునేవారు. మాట్లాడే విలన్ వల్ల మనకో లాభం ఉంది. వాడి లెక్కలు బయటపడతాయి. ఆ లెక్కలు వింటుంటే నాకు వేరే గ్రహం కనిపించలేదు. సూర్యాపేట తాలూకా కనిపించింది, 1940ల నాటిది.

కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తా. అరాకిస్ అని ఒక గ్రహం. మొత్తం ఇసుకే. చుక్క నీళ్లు దొరకవు. కానీ స్పైస్ అనే పదార్థం ఆ ఒక్క గ్రహంలోనే దొరుకుతుంది, అది లేకపోతే నక్షత్రాల మధ్య ప్రయాణాలే ఆగిపోతాయి. ఆ గ్రహంలో పుట్టి పెరిగినోళ్లు ఫ్రెమెన్. వాళ్ల నెత్తిన కూర్చుని 80 ఏళ్లుగా స్పైస్ తవ్వుకుంటున్న వంశం హార్కొనెన్. దాని పెద్ద మన బేరన్. ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో రాసిన నవల ఇది. ఆ నవలలో ఒక లెక్క కూడా ఉంటుంది: హార్కొనెన్లు 330 రోజులకోసారి వెయ్యి కోట్ల సొలారీలు అక్కణ్నుంచి పట్టుకుపోయేవాళ్లు. సొలారీ అంటే వాళ్ల రూపాయి అనుకోండి.

ఇక్కడో విషయం చాలామంది గమనించరు. అరాకిస్ బేరన్‌ది కాదు. చక్రవర్తిది. చక్రవర్తి ఇచ్చాడు, బేరన్ అనుభవిస్తున్నాడు. కథ మొదలయ్యేదే చక్రవర్తి ఆ గ్రహాన్ని బేరన్ దగ్గర తీసేసి లేటో అట్రైడీస్ అనే ఇంకో ప్రభువు చేతిలో పెట్టడంతో. అదీ ఒక ఎర. కొన్నాళ్లకే చక్రవర్తి తన సైన్యాన్నే మారువేషంలో బేరన్‌కు అప్పిచ్చి లేటోను చంపిస్తాడు. అంటే బేరన్ ఎంత బలుపు చూపించినా, వాడి బలం పైనుంచి వచ్చింది. పైవాడు వద్దంటే ఒక్కరోజు ఆగదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. సూర్యాపేట జిల్లాలో ఎర్రపహాడ్ అని ఊరుంది. అక్కడి దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి. పుచ్చలపల్లి సుందరయ్య గారు తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో ఈయన భూమి లెక్క ఇచ్చారు: లక్షా యాభై వేల ఎకరాలు. మళ్లీ చెప్తున్నా, 1,50,000 ఎకరాలు. ఒక్క కుటుంబానికి. చదరపు కిలోమీటర్లలో చూస్తే దాదాపు 600. హైదరాబాద్ పాత జీహెచ్‌ఎంసీ మొత్తం కలిపితే సుమారు 650. హైటెక్ సిటీ నుంచి ఎల్బీ నగర్ దాకా ఒక్క ఇంటి పట్టా కింద ఉన్నట్టు ఊహించుకోండి. అప్పట్లో నల్గొండ జిల్లాలోనే ఉన్న జనగామ తాలూకాలో విసునూరు రామచంద్రారెడ్డిది 40,000 ఎకరాలు. ఈ లెక్కన విసునూరు దొర చిన్న దొర!

ఇంత భూమి ఎట్లా వచ్చింది? కత్తి పట్టుకుని యుద్ధం చేసి గెలిచారా? లేదు. దీనికి జవాబు చాలా బోరింగ్‌గా ఉంటుంది, అందుకే సినిమాల్లో చూపించరు. కాగితం. మొదట్లో దేశ్‌ముఖ్ అంటే నిజాం ప్రభుత్వం తరఫున శిస్తు వసూలు చేసిపెట్టే మనిషి, అంతే. 1860లలో సాలార్ జంగ్ సంస్కరణల్లో ఆ వసూలు పద్ధతి తీసేసి, ప్రభుత్వమే రైతు దగ్గర నేరుగా శిస్తు తీసుకునేట్టు మార్చారు. చూడటానికి మంచి మార్పే. కానీ ఆ తర్వాత భూముల సర్వే జరిగినప్పుడు దస్తరాలు ఎవరి చేతిలో ఉన్నాయి? అదే దేశ్‌ముఖుల చేతిలో, దేశ్‌పాండేల చేతిలో, పట్వారీల చేతిలో. రైతుకు చదువు రాదు. తాతల నుంచి దున్నుతున్న చెలక దొర పేరు మీదికి ఎక్కిందని, నాగలి పట్టినోడికి ఏళ్ల తర్వాత తెలిసేది. దున్నేది నువ్వు, రాసి ఉన్నది దొర పేరు. నిన్నటిదాకా రైతువి, ఇవాళ పాలేరువి.

బేరన్‌కు లేజర్లు, ఎగిరే ఓడలు, అన్నీ ఉన్నాయి. మన దొరకు ఒక పహాణీ చాలు. నన్నడిగితే మన దొరే పెద్ద టెక్నాలజీ వాడాడు.

సరే, ఇక దురాశ. సిరీస్‌లో బేరన్ దురాశను వాడి ఒంటితో చూపిస్తారు. తన బరువు తాను మోయలేడు, గాల్లో తేల్చే యంత్రాలు కట్టుకుని తిరుగుతాడు. ఇది నాకు పెద్దగా నచ్చదు. లావుగా ఉన్నోడు ఆశపోతు, సన్నగా ఉన్నోడు మంచోడు అనేది పాత నాటకాల ట్రిక్కు. బక్క దొరలు లేరా? చాలామంది ఉన్నారు. దురాశ పొట్టలో ఉండదు, పద్ధతిలో ఉంటుంది. దాన్ని హెర్బర్ట్ నవలలో ఒకే ఒక్క చిన్న విషయంతో చూపించాడు, నాకు మొత్తం డ్యూన్‌లో అదే గుర్తుండిపోయింది.

ఏంటంటే, అరాకిస్‌లో పెద్దోళ్ల ఇంట్లో విందు జరిగితే ఒక ఆచారం ఉండేది. వచ్చిన అతిథులు గిన్నెలో చేతులు ముంచి, కావాలనే నీళ్లు నేల మీద ఒలకబోస్తారు. టవల్‌తో తుడుచుకుని ఆ టవల్‌ను ఆ మడుగులోనే విసిరేస్తారు. విందు అయిపోయాక బయట బిచ్చగాళ్లు లైన్ కడతారు. దేనికి? ఆ టవళ్లు పిండితే వచ్చే నీళ్ల కోసం. చుక్క నీళ్లు లేని గ్రహంలో! లేటో వచ్చాక ఆ ఆచారం ఆపించి, వచ్చినవాళ్లకు తలా ఒక గ్లాసు నీళ్లు ఇవ్వమంటాడు. మంచివాడే. అయినా గమనించండి, ఇచ్చేది ఆయన, లైన్లో నిలబడేది వాళ్లే. మంచి దొర అంటే ఇంతే.

మన దగ్గర దానికి పేరు వెట్టి. వెట్టి అంటే కూలి తక్కువివ్వడం కాదు ఫ్రెండ్స్, అసలు ఇవ్వకపోవడం. ఊళ్లో ఎవరి కులవృత్తి ఏదైతే అది దొరకు ఫ్రీ. చాకలి బట్టలు ఉతకాలి, మంగలి క్షవరం చేయాలి, కుమ్మరి కుండలు ఇవ్వాలి, గౌండ్ల కల్లు పోయాలి, గొల్ల కురుమలు గొర్రెలు ఇవ్వాలి, సాలెలు బట్ట నేసి ఇవ్వాలి. దళితవాడ నుంచి ఇంటికొకరు గడీకి పోయి ఏ పని చెప్తే అది చేయాలి. రైతు ఎడ్లబండి కట్టాలి, తన పొలం ఎండిపోతున్నా సరే దొర పొలమే ముందు దున్నాలి. దొర సవారీలో పోతుంటే ముందొకడు, వెనకొకడు ఉరకాలి. గడీలో పెళ్లైతే ఊరంతా కానుకలు కట్టాలి. ఆడపిల్లలను ఆడబాపలుగా గడీకి పంపాల్సి వచ్చేది, దాని గురించి ఇక్కడ రెండు మాటల్లో తేల్చేయడం నాకిష్టం లేదు, అది విడిగా మాట్లాడాల్సిన విషయం. "బాంచన్, నీ కాల్మొక్త" అనే మాటను ఇప్పుడు మీమ్స్‌లో నవ్వుకోవడానికి వాడుతున్నాం. ఆ మాట అనకపోతే వీపు పగిలే రోజులుండేవి.

ఇంకో పోలిక చూడండి. లేటోను చంపడానికి బేరన్ విపరీతంగా ఖర్చు పెడతాడు. సైన్యాన్ని అంత దూరం తరలించినందుకు దశాబ్దాల ఆదాయం పోతుంది. ఆ అప్పు ఎవరు తీర్చాలి? తన తమ్ముడి కొడుకు రబ్బాన్‌ను పిలిచి చెప్తాడు: పిండు, ఇంకా పిండు, జాలి వద్దు. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడు నిజాం సర్కారు లెవీ ధాన్యం పెట్టింది. ఎవరికెంత భూమి ఉంటే అంత ధాన్యం తక్కువ రేటుకు సర్కారుకు కొలవాలి. లెక్క ప్రకారం ఎక్కువ కొలవాల్సింది దొర. కానీ లెక్క రాసేది ఎవరు? మళ్లీ అదే కాగితం. దొర గరిసెలు నిండే ఉన్నాయి, చిన్న రైతు ఇంట్లో విత్తనాల గింజలు కూడా తూకానికి ఎక్కినయి. పైనుంచి వచ్చే ప్రతి భారం కిందికి జారుతుంది, పైకి ఏదీ పోదు. అరాకిస్ అయినా ఆత్మకూరు అయినా అంతే.

ఇప్పుడు అసలు తెలివి. బేరన్‌కు తమ్ముడి కొడుకులు ఇద్దరు. రబ్బాన్ మోటువాడు, జనం అతన్ని మృగం అంటారు. ఫేడ్ అందగాడు. బేరన్ ప్లాన్ ఏంటంటే, ముందు రబ్బాన్‌ను పంపి జనాన్ని నరకం చూపించడం. బాగా విసిగిపోయాక రబ్బాన్‌ను తీసేసి ఫేడ్‌ను దింపడం. జనం ఫేడ్‌ను దేవుడిలా చూస్తారు. గ్రహం మాత్రం అదే కుటుంబం చేతిలో ఉంటుంది. సిరీస్‌లో ఈ మాట చెప్పేటప్పుడు మెక్‌నీస్ ముఖం చూడాలి, కొత్త బిజినెస్ ఐడియా వచ్చిన సేటులా వెలిగిపోతుంది.

ఇది మన దగ్గర జరిగిందా? ఎవరూ ఇట్లా కూర్చుని ప్లాన్ చేయలేదు, కానీ జరిగింది. 1946 నుంచి ఊళ్లలో తిరుగుబాటు ముదిరింది. దొరలు చాలామంది గడీలు వదిలి పట్నాలకు పోయారు. కొన్ని గడీల్లో రజాకార్లు క్యాంపులు పెట్టారు, వాళ్లు చేసిన ఘోరాలు మీకు తెలిసినవే. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ అయింది, నిజాం పాలన పోయింది, జనం ఊపిరి పీల్చుకున్నారు. కొన్నాళ్లకు ఊళ్లోకి మిలిటరీ జీపులు వచ్చాయి. వాటి వెనకే దొరలు కూడా తిరిగొచ్చారు, ఈసారి నెత్తిన ఖద్దరు టోపీ పెట్టుకుని. సంఘం పంచిన భూములు మళ్లీ లాక్కున్నారు. టోపీ మారింది, గడీ అదే. రబ్బాన్ పోయి ఫేడ్ వచ్చాడు.

బేరన్ ఓడిపోవడానికి కారణం ఏంటో తెలుసా? ఫ్రెమెన్ ఎంతమంది ఉన్నారో వాడికి తెలియకపోవడం. 80 ఏళ్లు పాలించాడు, జనం లెక్క తెలియదు! ఎడారిలో తిరిగే నాలుగు గుంపులు అనుకుంటాడు. వాళ్లేమో దక్షిణాన లక్షల్లో ఉన్నారు, పైనుంచి ఎవరూ చూడకుండా ఓడల వాళ్లకు స్పైస్ లంచం కూడా ఇచ్చుకుంటున్నారు. స్పైస్ ప్రతి గ్రాము లెక్క పెట్టినోడు మనుషులను లెక్క పెట్టలేదు.

మన దగ్గర ఆ దక్షిణం ఎక్కడంటే, కోదాడ పక్కన. చిలుకూరు అని ఉంది కదా, ఇప్పుడు మండలం. కోదాడ నుంచి హుజూర్‌నగర్ పోయే దారి. అక్కడ 1941లో ఆంధ్ర మహాసభ జరిగింది, రావి నారాయణరెడ్డి గారి అధ్యక్షతన. అంతకుముందు ఎక్కువగా చదువుకున్నవాళ్ల సభగా ఉన్నది మెల్లగా రైతుల వైపు, వెట్టి వైపు తిరిగింది. కొన్నేళ్లలో ఊరూరా సంఘం. చేతిలో గుత్పలు, వడిసెలలు, ఆడవాళ్ల కొంగుల్లో కారప్పొడి. తుపాకులు ఆ తర్వాత వచ్చాయి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు పొలంలో పండించిన పంటను విసునూరు దొర మనుషులు ఎత్తుకుపోవడానికి వస్తే, సంఘం వాళ్లు అడ్డం నిలబడి ఆ ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద దొర మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ తర్వాత సూర్యాపేట తాలూకా కూడా ఆగలేదు.

ఇక్కడ నుంచి డ్యూన్ కథ, మన కథ విడిపోతాయి. నాకు ఎక్కువ ఇంట్రెస్ట్ ఉన్నది ఈ విడిపోయే చోటు మీదే.

డ్యూన్‌లో బేరన్‌ను పడగొట్టేది పాల్. ఎవరు ఈ పాల్? ప్రభువు లేటో కొడుకు. ఇంకా చెప్పాలంటే, స్పాయిలర్ ఇది, సారీ, బేరన్ సొంత మనవడు. వాళ్లమ్మ జెస్సికా బేరన్ కూతురే. అంటే తాతను తీసేసి మనవడు కూర్చున్నాడు, చివరికి చక్రవర్తి అయ్యాడు. ఫ్రెమెన్ గెలిచారు, కానీ ఎవరి పేరు మీద గెలిచారు? 2003లో వచ్చిన సీక్వెల్ సిరీస్ చిల్డ్రన్ ఆఫ్ డ్యూన్ మొత్తం ఈ గెలుపు ఎంత చేదుగా మారిందో చూపిస్తుంది. హెర్బర్ట్ హీరోను మెచ్చుకోమని రాయలేదు, అనుమానించమని రాశాడు. మనం విజిల్స్ వేసి వచ్చేశాం. మొన్న 2024లో మన కల్కి 2898 ఏడీ కూడా చూశాం కదా, ఊళ్లన్నీ ఎండగొట్టి కాంప్లెక్స్ ఒక్కటే అన్నీ పీల్చుకుంటుంది, దాన్ని కూల్చడానికి జనం ఒకరి పుట్టుక కోసం ఎదురుచూస్తుంటారు. సైన్స్ ఫిక్షన్‌కు ఈ అలవాటు పోదు.

మన దగ్గర ఎవరూ పుట్టేదాకా ఆగలేదు. దొరల ఇళ్ల నుంచి, భూమి ఉన్న ఇళ్ల నుంచి ఈ వైపు వచ్చినవాళ్లు ఉన్నారు, ఆ మాట నిజమే. రావి నారాయణరెడ్డి గారిది ఉన్న కుటుంబమే. సూర్యాపేట దగ్గర కరివిరాల కొత్తగూడెంలో పుట్టిన మల్లు స్వరాజ్యం గారిది, ఆమె అన్న భీమిరెడ్డి నర్సింహారెడ్డి గారిది కూడా అంతే. అన్న దళ నాయకుడు అయ్యాడు, చెల్లి తుపాకీ పట్టింది. కానీ వాళ్లు సింహాసనం ఎక్కలేదు, ఓటు అడగడానికి వెళ్లారు. 1952 ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి గారు నల్గొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు. నర్సింహారెడ్డి గారు 1971, 1984, 1991ల్లో మిర్యాలగూడ ఎంపీ. స్వరాజ్యం గారు రెండుసార్లు తుంగతుర్తి ఎమ్మెల్యే, 2022 మార్చిలో పోయారు. మీలో కొందరు ఆమెను మీటింగుల్లో చూసే ఉంటారు.

పోరాటం మధ్యలోనే ఊళ్లలో ఒక వాదన నడిచింది, సిరీస్‌లో ఇలాంటి సీన్ ఒక్కటి కూడా లేదు. దొరకు ఎంత భూమి వదలాలి? మొదట 500 ఎకరాలు అన్నారు. అది చాలా ఎక్కువని జనం ఒత్తిడి పెడితే 200కు దిగింది. తర్వాత మెట్ట అయితే 100, తరి అయితే 10. అడవుల్లో తలదాచుకుంటూ, పోలీసులు వెంటపడుతుంటే, ఒక ఎకరం రెండెకరాల గురించి ఊళ్లో కూర్చుని మాట్లాడుకోవడం. బేరన్‌ను చంపడం ఒక్క సూది పోటుతో అయిపోతుంది, ఆలియా అనే చిన్న పిల్ల చంపేస్తుంది. వాడి భూమిని ఏం చేయాలి అనేది మాత్రం మూడు ఎపిసోడ్లలో ఎవరూ అడగరు. 1951 అక్టోబర్‌లో పోరాటం ఆపేశారు. పంచిన భూముల్లో కొంత మిగిలింది, చాలా పోయింది.

చివరిగా నీళ్లు. అరాకిస్ జనం కల ఏంటి? ఎప్పటికైనా ఎడారిలో నీళ్లు పారాలని. మనకు పారాయి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పచ్చబడ్డాయి. ఇవాళ మిర్యాలగూడ అంటే రైస్ మిల్లులు. అదే పాత జిల్లాలో కాలువ ఎక్కని ఊళ్లు బోర్లు వేసుకుంటూ కూర్చున్నాయి. నీళ్లొచ్చిన చోట ఎకరం రేటు పెరిగింది, పట్టా ఎవరి పేరు మీద ఉందనేది అప్పుడు ఇంకా ముఖ్యమైంది. ఇప్పుడు గడీలో దొర లేడు, వెట్టి లేదు, అది మామూలు విషయం కాదు. కానీ మిర్యాలగూడ ఆయకట్టులో మడిలో దిగి నాటేసేవాళ్లలో పట్టా లేని కౌలు రైతులు ఎంతోమంది. పంట పోతే నష్టం వాళ్లది, ఎకరానికి ఇంత అని బ్యాంకులో పడే డబ్బు పట్టా ఉన్నాయనది. ఆయన హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉండొచ్చు, చాలా మంచోడు కూడా కావచ్చు. బేరన్‌లా ప్రాసలు చెప్పడు.

మన ఏరియాలో పాడుబడ్డ గడీల ముందు ఈమధ్య రీల్స్ చేస్తున్నారు, ప్రీ-వెడ్డింగ్ షూట్లు కూడా. చేసుకోండి, లైటింగ్ బాగుంటుంది. ఆ మెట్ల దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డది మీ ముత్తాత అయి ఉండొచ్చు, కాబట్టి ఇంట్లో నానమ్మో తాతో ఉంటే ఒక్కసారి ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి అడగండి: మన చెలక మొదట ఎవరి పేరు మీద ఉండేది, మన పేరు మీదికి ఎప్పుడు వచ్చింది? కొందరి ఇళ్లలో ఇప్పటికీ రాలేదనే జవాబు వస్తుంది. అది కూడా రికార్డ్ చేసుకోండి.

సిరీస్ చూడాలనుకుంటే మూడు భాగాలు కలిపి నాలుగున్నర గంటల దాకా ఉంటుంది. గ్రాఫిక్స్ పాతవి, వెనక ఎడారి పెయింటింగ్ అని తెలిసిపోతుంది, కొంచెం ఓపిక పట్టండి. నవల చదివే ఓపిక ఉంటే మాత్రం ఆ టవళ్ల విందు దగ్గర ఆగి నెమ్మదిగా చదవండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆదిత్య 369 గురించి మాట్లాడుకుందాం, అందులో అమ్రిష్ పురి గారి వజ్రాల పిచ్చి గురించి నాకు చాలా చెప్పాలనుంది. ఉంటా మరి.